పతకానికి గీటురాయి ఏది?: ఐజెమ్ ప్రమాణాల చుట్టూ రెండు దశాబ్దాల వాదం

అత్తాపూర్‌కు ఒక పక్క మూసీ, ఇంకో పక్క రాజేంద్రనగర్. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబర్లే చిరునామాలైపోయిన ఈ దారిలో కాస్త దక్షిణానికి పోతే వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, నూనెగింజల పరిశోధన సంస్థ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంకా ముందుకెళ్తే శంషాబాద్ విమానాశ్రయం. విదేశాల నుంచి వచ్చే ఎంజైములు ఐసుపెట్టెల్లో దిగేది అక్కడే. జీవశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకంటే అనువైన ఇరుగుపొరుగు దొరకడం కష్టం. ఈ చుట్టుపక్కల బయోటెక్నాలజీ చదివే విద్యార్థి చెవిన అంతర్జాతీయ సింథటిక్ బయాలజీ పోటీ ఐజెమ్ పేరు పడితే, మొదట అడిగేది ఒకటే: గోల్డ్ రావాలంటే ఏమేం చేయాలి?

అడగాల్సిన ప్రశ్నే. పైపైన చూస్తే జవాబు కూడా సులువే, ఎందుకంటే నిర్వాహకులు ప్రతి ఏడాదీ ప్రమాణాల జాబితాను ముందుగానే ప్రకటిస్తారు. చిక్కు ఆ జాబితాలోనే ఉంది. అందులో ఏముండాలి, ఏది తీసేయాలి, ఎవరికి అనుకూలంగా ఉండాలి అన్న వాదం పోటీ వయసంతా నడుస్తూనే వచ్చింది. పనికొచ్చే డీఎన్‌ఏ భాగాలు తయారు చేయించాలని ఒకరంటారు. పిల్లలకు పరిశోధన అలవడితే చాలని మరొకరు. సమాజంతో మాట్లాడడం నేర్పాలని ఇంకొకరు. ఈ ముగ్గురి మాటా ఒకే జాబితాలో చేరడంతో అది ఏటేటా మారుతోంది. ఆ మార్పుల వెనకున్న ఆలోచనలను విడదీసి చూడడమే ఇక్కడి పని.

అయిదు జట్ల నుంచి

2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో, రెండు సెమిస్టర్ల మధ్య విరామంలో నడిచే ఒక కోర్సుగా ఇది మొదలైంది. టామ్ నైట్, డ్రూ ఎండీ, రాండీ రెట్‌బర్గ్ దీని వెనకున్న ముఖ్యులు. 2004 వేసవిలో అయిదు అమెరికన్ విశ్వవిద్యాలయాలు పోటీ పడ్డాయి. మరుసటి ఏడాది జట్లు 13 అయ్యాయి, ఇటీవల 400 దాటాయి. 2012లో ఐజెమ్ ఎంఐటీ నుంచి విడిపోయి సొంత ఫౌండేషన్‌గా ఏర్పడింది. బోస్టన్‌లో జరుగుతూ వచ్చిన ముగింపు వేడుక జాంబోరీ కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌కు మారి, 2022 నుంచి పారిస్‌కు చేరింది.

తొలి ఏళ్ల ఊహ ఇంజనీర్లది. ఏ కంపెనీ నట్టయినా కొలత కుదిరితే ఏ బోల్టుకైనా పట్టినట్టు, డీఎన్‌ఏ ముక్కలు కూడా ఒకదానికొకటి అతకాలన్నది టామ్ నైట్ ఆలోచన. ముక్క కొసలన్నిటికీ ఒకే తరహా కోత స్థానాలు పెట్టిన ఆ పద్ధతికి బయోబ్రిక్ అని పేరు. జట్లు తయారు చేసినవి ఒక రిజిస్ట్రీలో చేరతాయి, మరుసటి ఏటి జట్లు వాటిని తీసి వాడుకుంటాయి. ఇచ్చిపుచ్చుకునే ఈ గొలుసు తెగకుండా చూడడానికే మొదట ప్రమాణాలు పుట్టాయి.

పతకం వేరు, బహుమతి వేరు

బయటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. ఒలింపిక్స్‌లోలా ఒకరికి స్వర్ణం వస్తే మరొకరికి పోవడం ఐజెమ్‌లో లేదు. ప్రమాణాలు నెరవేర్చిన ప్రతి జట్టుకూ పతకం వస్తుంది. వంద జట్లు అర్హత సాధిస్తే వందకూ స్వర్ణమే. ఇంటర్‌లో ఫస్ట్ క్లాస్ రావడం లాంటిది ఇది, స్టేట్ ఫస్ట్ లాంటిది కాదు. ఇతర జట్లతో పోటీ పడాల్సింది గ్రాండ్ ప్రైజుకు, రకరకాల ప్రత్యేక బహుమతులకు మాత్రమే.

కాంస్యానికి కావలసినవి మొదటి నుంచీ దాదాపు ప్రాథమికమైనవే: జట్టు పనిని వివరించే వెబ్‌సైటు, అంటే వికీ రాయడం, ప్రెజెంటేషన్ ఇవ్వడం, న్యాయనిర్ణేతల ఫారం నింపడం, ఎవరు ఏ పని చేశారో స్పష్టంగా చెప్పడం, రాబోయే జట్లకు ఉపయోగపడేది ఒకటి వదిలి వెళ్లడం. రజతం దగ్గర మార్పులు ఎక్కువ. 2016 ప్రాంతంలో పనిచేసే ఒక కొత్త భాగాన్ని ప్రయోగంతో రుజువు చేయాలి, మరో జట్టుతో కలిసి పనిచేయాలి, సమాజంతో పనికున్న సంబంధం, అంటే హ్యూమన్ ప్రాక్టీసెస్ చూపాలి. స్వర్ణానికి పాత భాగాన్ని మెరుగుపరచడం, ఆలోచన పనిచేస్తుందని నిరూపించడం వంటివి ఉండేవి. 2021 నాటికి స్వర్ణం జాబితాలోకి మోడలింగ్, భాగస్వామ్యం, విద్య కూడా చేరాయి. 2023 నుంచి నిర్మాణమే మారింది: రజతానికి ఇంజనీరింగ్ విజయం, హ్యూమన్ ప్రాక్టీసెస్ చాలు, స్వర్ణానికి ప్రత్యేక బహుమతుల్లోంచి మూడు రంగాలు ఎంచుకుని వాటిలో మెప్పించాలి.

ఈ చివరి మార్పు చిన్నది కాదు. అంతకుముందు అందరూ ఒకే ప్రశ్నపత్రం రాసేవాళ్లు, ఇప్పుడు ఎవరి ఐచ్ఛికాలు వాళ్లవి. మోడలింగ్‌లో దిట్ట అయిన జట్టు ఆ దారిలో, బడి పిల్లలకు పాఠాలు చెప్పడంలో శ్రమపడ్డ జట్టు మరో దారిలో పోవచ్చు. పతకానికీ బహుమతికీ మధ్య గీత మాత్రం దీంతో కొంత చెరిగింది. స్వర్ణం కోరే జట్టు తన పనిని బహుమతి స్థాయి కొలతల ముందు పెట్టాల్సి వస్తోంది.

భాగాలే ప్రాణం అనే వాదం

రిజిస్ట్రీ నిండితే చాలదు, అందులోవి పనిచేయాలి. ఈ విమర్శ బయట గట్టిగా వినిపించింది 2010లో. నేచర్ పత్రికలో రోబెర్టా క్వాక్ రాసిన కథనం సింథటిక్ బయాలజీ ముందున్న అయిదు కఠిన వాస్తవాలను ఏకరువు పెట్టింది. చాలా భాగాల స్వభావమే సరిగా నమోదు కాలేదనీ, కలిపితే ఎలా ప్రవర్తిస్తాయో చెప్పలేమనీ అందులో ఉంది. 2013లో ఎమ్మా ఫ్రో, జేన్ కాల్వర్ట్ ఈ పోటీనే అధ్యయనం చేస్తూ, మార్చి మార్చి వాడుకోగల భాగాలన్న ఇంజనీరింగ్ ఆదర్శం జీవకణం దగ్గరికి వచ్చేసరికి ఎలా బేరమాడుకోవాల్సి వస్తుందో చర్చించారు. మరుసటి ఏడాది క్రిస్టినా విలనోవా, మాన్యుయెల్ పోర్కార్ నేచర్ బయోటెక్నాలజీలో ఐజెమ్ పునాదులనే మళ్లీ వేయాలన్నారు.

ఈ విమర్శలకు పోటీ ఇచ్చిన మంచి జవాబు ఇంటర్‌ల్యాబ్ అధ్యయనం. 2014లో మొదలైన ఈ పనిలో ప్రపంచం నలుమూలల జట్లు ఒకే డీఎన్‌ఏ ఉన్న బాక్టీరియాను ఒకే పద్ధతిలో పెంచి, అవి ఎంత వెలుగునిస్తాయో కొలిచి లెక్కలు పంపాయి. 2018లో 244 ప్రయోగశాలలు పాల్గొన్న విడత నుంచి ఒక ఉపయోగకరమైన ఫలితం తేలింది. ద్రవం మసకను బట్టి అందులో ఎన్ని బాక్టీరియా ఉన్నాయో అంచనా వేయడానికి, సన్నటి సిలికా పూసలను వరుసగా పలచన చేసి పరికరాన్ని సరిచూసుకోవచ్చన్నది ఆ ఫలితం. 2020లో అది పరిశోధన పత్రంగా వెలువడింది. ఆ రోజుల్లో ఈ అధ్యయనంలో పాల్గొనడం కాంస్యానికి ఒక దారి. పతకం ఆశతోనే దిగిన జట్లు ఉండే ఉంటాయి. అయినా వందల చేతుల మీదుగా వచ్చిన కొలతలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ప్రమాణం ఎలా ఉండాలో చూపించే ఉదాహరణ ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్పాలి.

భాగాల మీద పట్టు తర్వాత సడలింది. డీఎన్‌ఏను అచ్చు వేయించి తెప్పించుకోవడం తేలికయ్యాక, ఎక్కడో ఫ్రీజర్‌లో ఉన్న ముక్క కోసం ఎదురుచూడాల్సిన అవసరం తగ్గింది. బయోబ్రిక్ పక్కన గోల్డెన్ గేట్ తరహా జోడింపుకూ చోటు దొరికింది. ఈ సడలింపు అవసరమే. దానితోపాటు, పాత భాగాన్ని మెరుగుపరచాలనే నిబంధన అందరికీ తప్పనిసరి కాకుండా పోవడం మాత్రం నష్టం. వేరొకరి పనిని చేతిలోకి తీసుకుని, లోపం పట్టి, సరిదిద్ది తిరిగి ఇవ్వడం కంటే మంచి శిక్షణ ప్రయోగశాలలో మరొకటి లేదు.

చదువే ముఖ్యం అనే వాదం

రెండో వర్గం అడిగేది ఇది: పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు ఒక వేసవిలో పనిచేసే యంత్రాన్ని కట్టాలని ఎందుకు ఆశించాలి? క్లోనింగ్ ఒక్కటే నెలలు తినేస్తుంది. ప్లేటు మీద కాలనీలు రావు, వచ్చినవాటిలో చేర్చాలనుకున్న డీఎన్‌ఏ ముక్క (ఇన్సర్ట్) ఉండదు, ఉన్నా సీక్వెన్సింగ్‌లో తప్పు బయటపడుతుంది. ఇంజనీరింగ్ విజయం అనే ప్రమాణం ఈ సంగతి గుర్తించి రాసినదే. డిజైన్ చేయడం, కట్టడం, పరీక్షించడం, నేర్చుకోవడం అనే చక్రాన్ని జట్టు తిప్పిందా అని అది అడుగుతుంది. ఫలితం ప్రతికూలంగా వచ్చినా, ఎందుకలా వచ్చిందో తర్కించి తదుపరి డిజైన్ మార్చిన జట్టు దాన్ని అందుకోగలదు.

తెలుగు విద్యార్థికి ఈ ప్రమాణం కొత్త. మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో రికార్డు అంటే ముందే తెలిసిన జవాబును నీటుగా రాయడం. రీడింగులు పుస్తకంలోని విలువకు దగ్గరగా రావాలి, రాకపోతే వచ్చినట్టు రాయాలి. ఆ అలవాటుతో ఐజెమ్ వికీ రాస్తే విఫలమైన ప్రయోగాలన్నీ మాయమవుతాయి. ఇక్కడ మార్కులు ఆ వైఫల్యాలకే ఉన్నాయని ముందుగా చెప్పే మార్గదర్శి ఉన్న జట్టు సగం దూరం దాటినట్టే.

ఈ వాదానికి బలహీనత ఒకటుంది. చక్రం తిప్పడం కూడా చివరికి ఒక బొమ్మగా మారిపోతుంది. అన్ని వికీల్లోనూ నాలుగు బాణాలు, నాలుగు రంగులు. ప్రయోగం అయ్యాక దాన్ని చక్రం ఆకారంలో అమర్చడం కష్టం కాదు. నిజంగా మలుపు తిరిగిన ఆలోచననూ, తర్వాత బాణాలు గీసి చేర్చినదాన్నీ కొద్ది నిమిషాల సంభాషణలో వేరుచేసే భారం న్యాయనిర్ణేతల మీద పడుతుంది.

జనంతో మాట్లాడడం

అన్నిటికంటే చిక్కుపడినదీ, మన నేలకు దగ్గరైనదీ హ్యూమన్ ప్రాక్టీసెస్. జట్టు పని లోకాన్ని ఎలా తాకుతుంది, లోకం జట్టు పనిని ఎలా మార్చింది అన్నది దీని సారం. మొదట ఒక ఆదర్శంగా వచ్చినది రజతానికి తప్పనిసరి అయింది. 2013లో ఆండ్రూ బామర్, కేట్ బల్పిన్ రాసిన వ్యాసం, నైతిక చర్చ కోసం పోటీ పిల్లల చేతికి ఇస్తున్న పనిముట్లనే ప్రశ్నించింది. సర్వే చేయడం, కరపత్రం పంచడం, నిపుణుడితో ఫొటో దిగడం ఎక్కువయ్యాయన్న అసంతృప్తి నిర్వాహకుల్లోనూ ఉంది. డిజైన్ మారినట్టు చూపించాలని అడగడం అందుకే.

డిజైన్ మారడం అంటే ఏమిటో అర్థం కావడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు. అత్తాపూర్ పక్కనే రాజేంద్రనగర్‌లో జరిగిన పని చాలు. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సన్నబియ్యంగా తెలుగిళ్లలో ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. దానికి బాక్టీరియా ఎండు తెగులు పెద్ద బెడద. ఇక్కడి వరి శాస్త్రవేత్తలు కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీతో కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో సంకరం చేసి ఎక్కించారు. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. జన్యువులు చేర్చడంతో వాళ్ల పని అయిపోలేదు. గింజ సన్నదనం, అన్నం రుచి మారితే రైతు వేయడు, గృహిణి కొనదు. అందుకే తిరిగి తిరిగి మాతృ రకంతోనే సంకరం చేసి ఆ గుణాలు కాపాడారు. వాడేవాళ్ల ఇష్టం డిజైన్‌ను శాసించడం అంటే ఇది. ఐజెమ్ ఆ మాట కనిపెట్టకముందు నుంచీ మంచి వ్యవసాయ శాస్త్రం చేస్తున్నది ఇదే. ఈ దారిలో తిరిగే విద్యార్థులు మొదట కలవాల్సింది వాళ్లనే.

దీనికి మరో ముఖం కూడా హైదరాబాద్ చూసింది. 2010 తొలి వారాల్లో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయపై కేంద్ర పర్యావరణ మంత్రి జైరామ్ రమేశ్ దేశంలో ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఫిబ్రవరిలో ఆ పంటపై మారటోరియం వచ్చింది. శాస్త్రవేత్తలు, రైతు సంఘాలు, పర్యావరణవాదులు ఒకే హాల్లో గొంతు చించుకున్న ఆ చర్చల తర్వాత, జన్యుమార్పిడి మాటెత్తితే ఇక్కడి రైతు ఖాళీ బుర్రతో వినడు. అతనికి అభిప్రాయం ఉంది, అనుభవమూ ఉంది. సర్వే పత్రంలో అవును, కాదు గడులు పెట్టి వెళ్లే జట్టుకు ఆ అనుభవం అందదు.

నీళ్ల సంగతీ అంతే. 2006లో ఎడిన్‌బరో జట్టు తాగునీటిలో ఆర్సెనిక్‌ను పసిగట్టే బాక్టీరియాను ప్రతిపాదించి పేరు తెచ్చుకుంది. ఆ బాటలో ఫ్లోరైడ్‌తో బాధపడ్డ నల్గొండ కోసమో, మందుల వ్యర్థాల కోసమో సెన్సర్ చేద్దామనే ఆలోచన ఇక్కడ ఎవరికైనా వస్తుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపారు. అదే చోట మరో సమస్య దాగి ఉంది. ఈ పోటీలో వాడే ప్లాస్మిడ్లలో, అంటే కణాల్లోకి ఎక్కించే గుండ్రటి డీఎన్‌ఏలో, యాంటిబయాటిక్‌ను తట్టుకునే జన్యువు మామూలుగా ఉంటుంది, ప్లాస్మిడ్ చేరిన కణాల్ని ఏరడానికి అది అవసరం. నిరోధకత పెరిగిపోతోందని భయపడుతున్న నీళ్లలోకి అలాంటి కణాల్ని దింపుతామా? దింపకూడదు. మార్చిన జీవుల్ని ప్రయోగశాల దాటించకూడదన్నది ఐజెమ్ కచ్చితమైన నియమం. అందుకే నీటి నమూనాను కణాల దగ్గరికి తెచ్చే దారులు, కణాలే లేని కాగితపు పరీక్షలు ఇలాంటి సమస్యలకు మెరుగు. ఈ ఒక్క ప్రశ్న మీద జట్టు నెల రోజులు ఆలోచిస్తే భద్రత, డిజైన్, జనం మూడూ ఒకే అధ్యాయం అవుతాయి. వేర్వేరు గడులుగా టిక్కు పెడితే మూడూ బలహీనమవుతాయి.

గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లు

ఇంతవరకూ చెప్పిన మూడు వాదాలూ జట్టు పోటీలో ఉందనే లెక్కతో నడిచాయి. అసలు లోపలికి ఎవరు రాగలరన్నది వేరే ప్రశ్న. ఇటీవలి ఏళ్లలో జట్టు రిజిస్ట్రేషనే 5,000 డాలర్ల అటూఇటూగా ఉంటూ వచ్చింది, అంటే నాలుగు లక్షల రూపాయల పైమాట. జాంబోరీ రుసుము, పారిస్ టికెట్లు, వీసాలు దానికి అదనం. ఎంపికైన కొన్ని జట్లకు ఐజెమ్ 2,500 డాలర్ల ఇంపాక్ట్ గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఐబెక్ పేరుతో దేశీయ పోటీ పెట్టి ఎంపికైన జట్లకు నిధులు సమకూర్చిన కాలం ఉంది. 2024 ఆగస్టులో బయోఈ3 విధానానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. జీవసాంకేతిక తయారీని పెంచుతామనే విధానంలో విద్యార్థి జట్లకు క్రమం తప్పని చోటు ఉండాలని అడగడం న్యాయం.

డబ్బు ఉన్నా అనుమతులుండాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాల ప్రకారం జన్యు పరివర్తన పనికి సంస్థాగత జీవభద్రత కమిటీ కావాలి. పెద్ద పరిశోధన సంస్థల్లో అది ఉంటుంది. వీధి చివర డిగ్రీ కాలేజీకి అది దూరపు మాట, హైస్కూలుకు ఇంకా దూరం. తెలుగు నేల మీద ఐజెమ్‌కు తెలిసిన పేరు ఐసర్ తిరుపతి కావడానికి కారణం ఇదే. 2015లో మొదలైన ఆ కేంద్ర సంస్థ విద్యార్థులు 2020, 2021 పోటీల్లో నిలిచారు. వాళ్లకు ప్రయోగశాల, అధ్యాపకులు, కమిటీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ప్రతిభ వాళ్లదే, సందేహం లేదు. అదే ప్రతిభ ఉండి ఆ ప్రాంగణం లేనివాళ్ల గురించి ప్రమాణాలు మాట్లాడవు.

సముద్రం అవతల పరిస్థితి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. అట్లాంటా శివార్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతంలోనే లాంబర్ట్ హైస్కూల్ ఉంది. ఆ ప్రభుత్వ బడి జట్టు ఏళ్లుగా ఐజెమ్‌లో పోటీపడుతోంది. 2024లో లైమ్ వ్యాధిని తొందరగా గుర్తించే పరీక్ష మీద పనిచేసి పారిస్ వెళ్లింది. ఆ ఏడాది హైస్కూల్ గ్రాండ్ ప్రైజ్ షెన్‌జెన్‌కు చెందిన గ్రేట్ బే జట్టుకు దక్కింది. బడిలోనే బయోటెక్ ప్రయోగశాల ఉండడమే అక్కడి అనుకూలత. అత్తాపూర్‌లోని పదో తరగతి పిల్లకు, అక్కడి తన చుట్టాలమ్మాయికి మధ్య తెలివిలో తేడా లేదు, బెంచీలో ఉంది.

పై నుంచి మరో ఒత్తిడి. అమెరికా కాలేజీ ప్రవేశాల దరఖాస్తులో స్వర్ణ పతకం బాగా కనిపిస్తుంది. ఎంసెట్, ఐఐటీ ఫౌండేషన్ బోర్డుల మధ్య పెరిగిన మనకు, పతకం కోసమే జట్టును తయారుచేసి అమ్మే వ్యాపారం ఎలా పుడుతుందో వివరించనక్కర్లేదు. ఎవరు ఏం చేశారో రాయించే అట్రిబ్యూషన్స్ ప్రమాణం దీనికి అడ్డుకట్ట. ఇటీవలి ఏళ్లలో దాన్ని ఒకే నమూనా ఫారంగా మార్చారు. కాగితం మీద అది కాంస్యం స్థాయి నిబంధన. విలువను బట్టి చూస్తే దాని స్థానం స్వర్ణం పైన.

పక్కపక్కన పెట్టి చూస్తే

భాగాల వర్గం ప్రమాణం కొలవడానికి తేలిక, మోసానికి తక్కువ వీలు. కానీ ప్రయోగశాల లేనివాళ్లను బయటే ఉంచుతుంది. చదువు వర్గం ప్రమాణం విశాలమైనది, వైఫల్యానికీ గౌరవమిస్తుంది. కానీ బాగా రాయగలిగినవాళ్లవైపు, అంటే బాగా ఇంగ్లిషు రాయగలిగినవాళ్లవైపు మొగ్గుతుంది. జనం వర్గం ప్రమాణం ఆశయంలో గొప్పది, కొలతలో బలహీనం. ఐచ్ఛికాల పద్ధతి ఈ మూడింటినీ సర్దుబాటు చేసింది గాని, ఒకే పతకం వెనక ఇప్పుడు వేర్వేరు కొలతల పనులున్నాయి.

ఇంకా తేలనివి

జట్టు ఆయుష్షు ఏడాదే. వికీకి గడువు దాటగానే తాళం పడుతుంది, పిల్లలు పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు, నమూనాలు ఫ్రీజర్‌లో మిగులుతాయి. తర్వాతి జట్టుకు ఉపయోగపడేది వదలాలన్న కాంస్య ప్రమాణం ఉంది. ఆ వదిలింది ఎవరైనా వాడారా అని రెండేళ్ల తర్వాత తిరిగి చూసే ప్రమాణం లేదు. వాడుక జరిగాక ఇచ్చే పతకం ఒకటి ఉంటే జట్లు రాసే తీరే మారుతుంది.

ఇంకొకటి భాష. చేవెళ్ల నుంచి కూరగాయలు పట్టుకొచ్చే రైతు తన మడిలో తెగులు గురించి తెలుగులోనో, ఉర్దూ కలిసిన తెలంగాణ మాటలోనో గంటసేపు చెబుతాడు. జట్టు అతని మాటను ఇంగ్లిషులోకి కుదించి వికీలో పెడుతుంది. పారిస్‌లో దాన్ని చదివి మెచ్చుకుంటారు. అతని మాట వల్ల డిజైన్ ఎలా మారిందన్నది ఆ పేజీలో వివరంగా ఉంటుంది. ఆ పేజీ అతనికి తిరిగి చేరిందా, అతనికి అర్థమయ్యే మాటల్లో ఉందా అని అడిగే గడి మాత్రం ఏ జాబితాలోనూ లేదు. ప్లాస్మిడ్ అంటే ఏమిటో, బాక్టీరియాను ఎందుకు మార్చారో, అతని పొలంలోకి దాన్ని ఎందుకు వదలరో రెండు పేజీల తెలుగులో రాసి అతని చేతికివ్వడానికి ప్రయోగశాల అక్కర్లేదు, కమిటీ అనుమతి అక్కర్లేదు, 5,000 డాలర్లు అంతకంటే అక్కర్లేదు.